అక్కకి డిప్రెషన్, సీఆర్‌పీ 8: మైక్రో ఆర్‌ఎన్‌ఏ టెస్టు చేయించాలా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ అక్కకి 36 ఏళ్లు. రెండో కాన్పు తర్వాత మొదలైన డిప్రెషన్ నాలుగేళ్లుగా తగ్గుతూ, మళ్లీ ముదురుతూ ఉంది. రెండు రకాల మాత్రలు వాడినా పూర్తిగా కోలుకోలేదు. ఎంఆర్‌ఐ నార్మల్, ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (వాపు) ఉంటే రక్తంలో పెరిగే సీఆర్‌పీ అనే ప్రొటీన్ మాత్రం 8 వచ్చింది. ఈలోగా "డిప్రెషన్‌కి అసలు కారణం మెదడులో వాపు, దాన్ని నడిపించేది నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏ" అని మీరు చదివారు. ఒక ల్యాబ్ వాళ్లు చెప్పిన మైక్రో ఆర్‌ఎన్‌ఏ టెస్టు చేయించాలా, ఆమె వేసుకుంటున్న డిప్రెషన్ మాత్ర ఎస్కిటాలోప్రామ్ ఆపేసి వాపు తగ్గే మందులు మొదలుపెట్టవచ్చా, ఇదే అంశం మీద ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేయవచ్చా అని అడిగారు. బయోటెక్నాలజీ చదువుతున్నారు కాబట్టి కాస్త లోతుగానే రాస్తాను. సైకియాట్రీలో నాకు ఇరవై రెండేళ్లు నిండాయి. మధ్యలో మూడేళ్లు రోగుల రక్తంలో మైక్రో ఆర్‌ఎన్‌ఏలు కొలిచే ల్యాబ్‌లో పనిచేశాను.

వాటన్నిటికంటే ముందు, ప్రశ్న మధ్యలో మీరు మామూలుగా రాసి దాటేసిన ఒక మాట గురించి. "నేను లేకపోతే మీకే హాయి" అని అక్క ఈ నెలలో రెండుసార్లు అన్నదని రాశారు. దీన్ని విసుగుతో అన్న మాటగా వదిలేయకండి. ఇవాళే పక్కన కూర్చుని, "అక్కా, చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని ఇంట్లో వాళ్లు భయపడతారు. అలా జరగదు. నేను అడిగిన వాళ్లలో చాలామంది ఒక్కసారిగా ఏడ్చేసి, ఎవరో ఒకరు అడిగారని ఊపిరి పీల్చుకున్నవాళ్లే. మాత్రల డబ్బా మీ బావగారో అమ్మగారో తమ దగ్గర పెట్టుకుని ఏ రోజువి ఆ రోజే ఇవ్వాలి. మీది వ్యవసాయ కుటుంబం అన్నారు కదా, పురుగుమందు ఇంట్లో, కొట్టంలో ఎక్కడా ఉండకూడదు. డాక్టర్ అపాయింట్‌మెంట్ వచ్చే నెల దాకా ఆగకుండా ఈ వారానికి జరిపించండి. రాత్రివేళ పరిస్థితి చెయ్యి దాటుతున్నట్టు అనిపిస్తే దగ్గర్లో ఉన్న ఆస్పత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుకి ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఇవి చేశాకే కింద రాసింది చదవండి.

ఎంఆర్‌ఐ నార్మల్‌గా ఉంటే మెదడులో వాపు ఎలా ఉంటుంది అని అడిగారు. ఈ గందరగోళం "వాపు" అనే మాట వల్లే వచ్చింది. కాలు బెణికినప్పుడు ఉబ్బినట్టు మెదడు ఉబ్బదు. మెదడువాపు వ్యాధి అని మనం పిలిచే ఎన్‌సెఫలైటిస్ పూర్తిగా వేరే జబ్బు. డిప్రెషన్ విషయంలో ఇన్‌ఫ్లమేషన్ అంటే మెదడులోని కాపలా కణాలు, అంటే మైక్రోగ్లియా, విశ్రాంతి స్థితిలోకి వెళ్లకుండా రోజుల తరబడి, నెలల తరబడి అప్రమత్తంగానే ఉండిపోవడం. ఐఎల్-6, ఐఎల్-1 బీటా, టీఎన్‌ఎఫ్ ఆల్ఫా లాంటి సైటోకైన్లను, అంటే రోగనిరోధక కణాలు ఒకదానికొకటి సంకేతాలుగా పంపుకునే ప్రొటీన్లను, కొద్దికొద్దిగా వదులుతూ ఉండటం. నివురుగప్పిన నిప్పు లాంటిది. పైకి మంట కనపడదు, చెయ్యి పెడితే సెగ తెలుస్తుంది. మామూలు ఎంఆర్‌ఐ ఆ సెగని పట్టుకోలేదు.

ఆ సెగ మనసుని ఎలా మారుస్తుందో తెలియాలంటే వైరల్ ఫీవర్ వచ్చిన రోజుని గుర్తు చేసుకోండి. ఆకలి ఉండదు, ఎవరైనా పలకరిస్తే విసుగు, ఇష్టమైన సినిమా పెట్టినా చూడబుద్ధి కాదు, గోడవైపు తిరిగి పడుకోవాలనిపిస్తుంది. ఇదంతా వైరస్ నేరుగా చేసే పని కాదు. సైటోకైన్లు మెదడుకి పంపే సంకేతం. శక్తిని పొదుపు చేసుకో, బయటికి పోకు, పడుకో అని. జబ్బుపడ్డ జంతువుకి అది ప్రాణాలు కాపాడే ఏర్పాటు. జ్వరం తగ్గాక ఆ సంకేతం కూడా ఆగిపోవాలి. కొందరిలో ఆగదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో హెపటైటిస్ సి రోగులకి ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫా ఇంజెక్షన్లు ఇచ్చేవారు. ఆ మందు స్వయంగా ఒక సైటోకైన్. లివర్ వార్డు నుంచి మా దగ్గరికి పంపిన మనుషుల్ని ఇప్పటికీ మర్చిపోలేదు. అంతకుముందు ఎన్నడూ దిగులు ఎరగనివాళ్లు, ఇంజెక్షన్లు మొదలైన రెండు మూడు నెలలకి పిల్లల్ని కూడా దగ్గరికి రానివ్వకుండా మంచం పట్టేవారు. కష్టాలు తట్టుకోలేని మనుషులు కారు వాళ్లు. మందు వాళ్ల రక్తంలోకి ఇన్‌ఫ్లమేషన్‌ని ఎక్కించింది, మనసు కుంగింది. 2001లో అమెరికాలో మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కి ఇంటర్‌ఫెరాన్ తీసుకుంటున్న 40 మందిపై ఒక ట్రయల్ జరిగింది. ముందుగానే పరాక్సిటిన్ అనే యాంటీడిప్రెసెంట్ (డిప్రెషన్ మందు) ఇచ్చినవాళ్లలో 11 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవాళ్లలో 45 శాతం మందికి డిప్రెషన్ వచ్చింది. ఇన్‌ఫ్లమేషన్ వల్ల వచ్చే డిప్రెషన్‌కి కూడా మామూలు యాంటీడిప్రెసెంట్ పనిచేయగలదని ఇందులో కనపడుతోంది. ఎస్కిటాలోప్రామ్ ఆపాలన్న మీ ఆలోచనకి సగం జవాబు ఇక్కడే ఉంది.

ఇందులో జరిగే రసాయనం కూడా చాలావరకు తెలుసు. సైటోకైన్లు ఐడీఓ అనే ఎంజైమ్‌ని లేపుతాయి. మెదడు కణాల మధ్య సంకేతాలు మోసే సెరొటోనిన్ తయారీకి కావలసిన ట్రిప్టోఫాన్‌ని అది కైన్యురెనిన్ దారికి మళ్లిస్తుంది. మైక్రోగ్లియాలో ఆ దారి చివర క్వినోలినిక్ ఆసిడ్ పుడుతుంది. అది న్యూరాన్ల మీద సంకేతాలు అందుకునే ఎన్‌ఎండీఏ గ్రాహకాల్ని అతిగా రెచ్చగొట్టి న్యూరాన్లని ఇబ్బంది పెడుతుంది. సెరొటోనిన్ కథ, ఇన్‌ఫ్లమేషన్ కథ ఒకదాన్ని ఒకటి కొట్టేసేవి కావు.

అయితే డిప్రెషన్ ఉన్న అందరికీ ఈ సెగ ఉండదు. డిప్రెషన్ రోగుల్లో సుమారు నాలుగో వంతు మందికి మాత్రమే సీఆర్‌పీ లీటరుకి 3 మిల్లీగ్రాములు దాటుతుంది. 2015లో టొరంటోలో 20 మంది డిప్రెషన్ రోగులకి, 20 మంది ఆరోగ్యవంతులకి పెట్ స్కాన్ చేశారు. మైక్రోగ్లియా చురుకుదనానికి గుర్తుగా చూసే టీఎస్‌పీఓ అనే ప్రొటీన్ రోగుల మెదడు ముందుభాగంలో, మరికొన్ని చోట్ల సుమారు 30 శాతం ఎక్కువ కనిపించింది. పెద్ద వార్తే అయింది. కానీ టీఎస్‌పీఓ మైక్రోగ్లియాలోనే కాదు, ఇతర కణాల్లోనూ ఉంటుందని, అది పెరిగినంత మాత్రాన కాపలా కణాలు రెచ్చిపోయినట్టు కాదని ఆ తర్వాత తేలుతూ వచ్చింది. కాబట్టి ఆ ఒక్క స్కాన్ చూపించి "మెదడులో వాపు రుజువైంది" అనేవాళ్లని నమ్మకండి.

నాకు వీటన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది 2013లో వచ్చిన ఇన్‌ఫ్లిక్సిమాబ్ ట్రయల్. ఇది టీఎన్‌ఎఫ్‌ని అడ్డుకునే ఇంజెక్షన్, కీళ్లవాతానికి వాడతారు. మందులకి లొంగని డిప్రెషన్ ఉన్న 60 మందికి, కొందరికి అసలు మందు, కొందరికి ఉత్తుత్తిది, ఎక్కించారు. మొత్తంగా చూస్తే ఏ తేడా లేదు. లోపలికి వెళ్లి చూస్తే, మొదట్లో సీఆర్‌పీ 5 దాటి ఉన్నవాళ్లకి మందు మేలు చేసే సూచన కనిపించింది. తక్కువ ఉన్నవాళ్లలో మాత్రం ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లే మెరుగ్గా ఉన్నారు. అంటే నిప్పు లేనిచోట నీళ్లు పోస్తే చెడిపోవడం కూడా ఉంటుంది. సైటోకైన్లు మెదడుకి శత్రువులు కావు, కొంత మోతాదులో జ్ఞాపకానికి, నిద్రకి అవసరం.

ఇక నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏ సంగతి. మన జన్యుపదార్థంలో దాదాపు 300 కోట్ల అక్షరాలు ఉంటే, ప్రొటీన్ తయారీకి నేరుగా పనికొచ్చేది 2 శాతం కూడా లేదు. మిగతాదంతా చెత్త అని ఒకప్పుడు అనుకున్నాం. నేను ఎంబీబీఎస్ చదివినప్పుడు మాకు అలాగే చెప్పారు. ఆ మిగతా భాగం నుంచి కూడా ఆర్‌ఎన్‌ఏలు తయారవుతాయి, వాటిలో చాలావాటికి పని ఉంది.

హోటల్ వంటగదిని ఊహించుకోండి. డీఎన్‌ఏ అనేది బీరువాలో ఉండే వంటల పుస్తకం. మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ అనేది "రెండు పెసరట్లు" అని రాసి లోపలికి పంపే చీటీ. మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఆ చీటీకి వచ్చి అతుక్కుంటుంది. సుమారు 22 అక్షరాల ముక్క అది. దాని మొదట్లో ఉండే ఏడెనిమిది అక్షరాలు చీటీ చివరి భాగంతో జత కుదిరితే చాలు, ఆ వంట తగ్గుతుంది, లేదా చీటీయే చిరిగిపోతుంది. ఒక్కో మైక్రో ఆర్‌ఎన్‌ఏ వందల రకాల చీటీల మీద పనిచేస్తుంది. ఒక్కోదాని మీద ప్రభావం కొంచెమే, కానీ ఒకేసారి ఒక గుంపు మొత్తాన్ని తగ్గించగలదు. విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్కన్ 1993లో ఒక చిన్న పురుగులో దీన్ని కనిపెట్టారు. 2024లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. 200 అక్షరాలకి మించినవి లాంగ్ నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏలు. రెండు కొసలూ కలిసిపోయి ఉంగరంలా ఉండేవి సర్క్యులర్ ఆర్‌ఎన్‌ఏలు. కొస లేదు కాబట్టి వాటిని నమిలే ఎంజైములకి పట్టు దొరకదు, చాలాకాలం ఉంటాయి, మెదడులో విస్తారంగా దొరుకుతాయి.

వీటికీ మైక్రోగ్లియాకీ సంబంధం ఎక్కడ? ఇక్కడే నాకు ఈ సబ్జెక్టు మీద నిజమైన ఇష్టం. కణం మీదున్న టీఎల్‌ఆర్4 లాంటి గ్రాహకం ప్రమాదాన్ని పసిగట్టగానే ఎన్‌ఎఫ్ కప్పా బి అనే స్విచ్ పడుతుంది, సైటోకైన్ల తయారీ మొదలవుతుంది. అదే స్విచ్ అదే సమయంలో రెండు మైక్రో ఆర్‌ఎన్‌ఏల్ని కూడా తయారు చేయిస్తుంది. ఒకటి మిర్-155. ఇది ఎస్‌ఓసీఎస్1 అనే బ్రేకుని తీసేసి మంటని ఎగదోస్తుంది. రెండోది మిర్-146ఏ. ఇది ఐఆర్‌ఏకే1, ట్రాఫ్6 అనే రెండు ప్రొటీన్లని తగ్గించి, తనని పుట్టించిన సంకేతాన్నే తిరిగి ఆర్పుతుంది. పొయ్యి వెలిగించిన చెయ్యే పక్కన నీళ్ల చెంబు కూడా పెట్టుకున్నట్టు. వీటితోపాటు మిర్-124 మైక్రోగ్లియాని ప్రశాంత స్థితిలో ఉంచడానికి సాయపడుతుంది. మిర్-223 ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 ఇన్‌ఫ్లమసోమ్‌ని అదుపులో పెడుతుంది. ఐఎల్-1 బీటాని పదును పెట్టి బయటికి పంపే యంత్రం ఆ ఇన్‌ఫ్లమసోమే.

ఇవన్నీ కలిపి చూస్తే నాకు అనిపించేది ఇది. ఇన్‌ఫ్లమేషన్‌తో ముడిపడిన డిప్రెషన్‌లో సెగ పుట్టడం కంటే, పుట్టిన సెగ సమయానికి చల్లారకపోవడమే పెద్ద లోపం. కాన్పు, జ్వరం, నిద్రలేని రాత్రులు, నెలల తరబడి టెన్షన్, ఇవన్నీ ప్రతి ఇంట్లో ఎవరికో ఒకరికి ఉంటాయి. ప్రతి ఒక్కరిలో కొంత సెగ పుడుతుంది. చాలామందిలో ఆరిపోతుంది. ఆర్పే పనిలో పెద్ద భాగం ఈ చిన్న ఆర్‌ఎన్‌ఏలదే. మిర్-155 జన్యువు తీసేసిన ఎలుకల్లో ఆందోళన, డిప్రెషన్ లాంటి ప్రవర్తన తగ్గింది. చైనాలోని నాన్‌జింగ్ పరిశోధకులు సర్క్‌డీవైఎం అనే ఉంగరపు ఆర్‌ఎన్‌ఏ డిప్రెషన్ రోగుల రక్తంలో తక్కువగా ఉందని చూశారు. ఒత్తిడికి గురిచేసిన ఎలుకల్లోనూ అది తగ్గింది. దాన్ని మళ్లీ పెంచితే మైక్రోగ్లియా నెమ్మదించింది, ఎలుకల ప్రవర్తనా మెరుగుపడింది. అది మిర్-9ని పట్టుకుని కదలకుండా చేయడం ద్వారా పనిచేస్తుందని వాళ్లు చూపించారు.

కార్టిసోల్ దగ్గర కూడా ఇలాంటిదే ఒకటుంది. ఒత్తిడిలో కార్టిసోల్ అనే హార్మోన్ పెరుగుతుంది, అది ఇన్‌ఫ్లమేషన్‌ని అణచాలి. డిప్రెషన్ రోగుల్లో కొందరికి కార్టిసోల్ ఎక్కువే, ఇన్‌ఫ్లమేషనూ ఎక్కువే. కణాలు కార్టిసోల్ మాట వినడం మానేశాయన్నమాట. గ్యాస్5 అనే లాంగ్ నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏ ఒకటుంది. దానిలో ఒక భాగం మడత పడి, కార్టిసోల్ గ్రాహకం డీఎన్‌ఏ మీద ఎక్కడ కూర్చోవాలో ఆ చోటులా కనిపిస్తుంది. గ్రాహకం డీఎన్‌ఏ అనుకుని దీనికి అంటుకుంటుంది, అసలు పని ఆగిపోతుంది. 2010లో కణాల్లో దీన్ని చూపించారు. డిప్రెషన్‌లో ఇది ఎంతవరకు కారణమో తేల్చాల్సే ఉంది. మీ ప్రాజెక్టుకి చదవదగ్గ సంగతి.

సెరొటోనిన్ వైపు నుంచి వచ్చిన ఫలితాలు కూడా ఉన్నాయి. ఫ్రాన్స్ పరిశోధకులు 2010లో ఫ్లుఓక్సెటిన్ అనే డిప్రెషన్ మందు ఇచ్చిన ఎలుకల మెదడులో మిర్-16 పెరుగుతుందని, అది సెరొటోనిన్‌ని వెనక్కి లాగే ప్రొటీన్‌ని తగ్గిస్తుందని చూపించారు. 2014లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ నుంచి మిర్-135 గురించి, అదే ఏడాది కెనడాలోని మెగిల్ విశ్వవిద్యాలయం నుంచి మిర్-1202 గురించి పరిశోధనలు వచ్చాయి. మిర్-1202 కోతులు, మనుషుల వంటి ప్రైమేట్లలోనే ఉంటుంది, ఎలుకల్లో ఉండదు. ఎలుకలు తేల్చలేని ప్రశ్నలు మెదడు గురించి చాలా ఉన్నాయని అది గుర్తు చేస్తుంది.

మీ అక్క విషయానికి దగ్గరగా ఉన్నది ఇంకొకటి చెప్పాలి. 2020లో న్యూయార్క్‌లోని ఎరిక్ నెస్ట్లర్ బృందం లింక్00473 అనే లాంగ్ నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏ గురించి రాసింది. చనిపోయిన తర్వాత దానంగా వచ్చిన మెదళ్లని పరిశీలిస్తే, డిప్రెషన్ ఉన్న ఆడవాళ్ల మెదడు ముందుభాగంలో ఇది తగ్గింది, మగవాళ్లలో తగ్గలేదు. ఎలుకల్లో ఈ జన్యువు ఉండదు కాబట్టి మనిషిదాన్ని వాటి న్యూరాన్లలోకి ఎక్కించి చూశారు. ఆడ ఎలుకలు ఒత్తిడిని బాగా తట్టుకున్నాయి. మగ ఎలుకల్లో ఏ మార్పూ లేదు. ఆడవాళ్లకి డిప్రెషన్ మగవాళ్లకంటే దాదాపు రెట్టింపుగా వస్తుందని మాకు ఎప్పటినుంచో తెలుసు. అయినా ఎన్నో ఏళ్లు ల్యాబుల్లో మగ ఎలుకల మీదే ప్రయోగాలు చేసి, ఆ ఫలితాలతో ఆడవాళ్లకి మందులు రాశాం. ఈ విషయం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. కాన్పు తర్వాత కుంగిపోయిన తల్లిని "అందరూ కనడంలేదా" అని ఇంట్లో అంటుంటే విన్న ప్రతిసారీ నాకు ఈ పరిశోధన గుర్తొస్తుంది. ఆమె మెదడులో జరుగుతున్నది ఆమె చేతకానితనం కాదని చెప్పడానికి ఇప్పుడు నా దగ్గర మరొక ఆధారం ఉంది.

ఇంత చెప్పాక కూడా, ఆ మైక్రో ఆర్‌ఎన్‌ఏ టెస్టు చేయించవద్దనే అంటాను. ఎందుకో మా ల్యాబ్ అనుభవమే చెబుతాను. మేము మొదటి విడత నమూనాల్లో రోగుల రక్తంలో మిర్-16 బాగా పెరిగిందని సంబరపడ్డాం. తర్వాత ఒక టెక్నీషియన్ అమ్మాయి ప్లాస్మా, అంటే కణాలు తీసేసిన రక్తద్రవం, ఉన్న గొట్టాలు వెలుతురుకి పట్టి చూసి, "సార్, రోగుల గొట్టాలు కొన్ని ఎర్రగా ఉన్నాయి" అంది. మిర్-16, మిర్-451 ఎర్ర రక్తకణాల్లో కుప్పలుగా ఉంటాయి. సూది గుచ్చేటప్పుడు కొన్ని కణాలు పగిలినా, గొట్టం గట్టిగా ఊపినా, అవి ప్లాస్మాలోకి వచ్చేస్తాయి. వార్డులో హడావిడిగా తీసిన రక్తానికి, ల్యాబ్‌లో నెమ్మదిగా తీసిన రక్తానికి ఉన్న తేడాని మేము డిప్రెషన్ అనుకున్నాం. ఆ నమూనాలన్నీ పక్కన పెట్టాల్సి వచ్చింది. ఆ అమ్మాయి చూడకపోతే తప్పు ఫలితం అచ్చయ్యేది.

అదొక్కటే కాదు. రక్తంలో కనిపించే మైక్రో ఆర్‌ఎన్‌ఏ మెదడు నుంచి వచ్చిందో, లివర్ నుంచి వచ్చిందో, ప్లేట్‌లెట్ నుంచి వచ్చిందో ఒక్క గొట్టం రక్తం చూసి చెప్పలేం. మిర్-155, మిర్-146ఏ విషయంలో రోగుల్లో ఎక్కువని కొన్ని పరిశోధనలు, తక్కువని మరికొన్ని చెప్పాయి. చాలావాటిలో మనుషులు కొన్ని పదుల మందే. వాడుతున్న మందులు, పొగాకు, బరువు, రక్తం తీసిన వేళ, అన్నీ అంకెని మారుస్తాయి. డిప్రెషన్‌ని నిర్ధారించడానికో, మందు ఎంచుకోవడానికో మైక్రో ఆర్‌ఎన్‌ఏ టెస్టు చేయమని మేము అనుసరించే ఏ ప్రామాణిక మార్గదర్శకమూ చెప్పదు. రిపోర్టులో ఏ అంకె వచ్చినా మీ అక్క డాక్టర్ చేసే పని మారదు. ఆ డబ్బు ఒక మంచి సైకాలజిస్టు దగ్గర కొన్ని సిట్టింగులకి వస్తుంది.

ఎస్కిటాలోప్రామ్ విషయం. సొంతంగా ఆపకండి. ఒక్కసారిగా మానేస్తే తల తిరగడం, చిరాకు, నిద్ర చెడటం, జబ్బు తిరగబెట్టడం ఉంటాయి. ఆమె ప్రస్తుతం ఉన్న స్థితిలో అది ప్రమాదం. దానికి తోడుగా నొప్పి మాత్రలు రోజూ వేయాలన్న ఆలోచన కూడా వద్దు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి ఎస్కిటాలోప్రామ్ జాతి మందులతో కలిస్తే కడుపులో రక్తస్రావం జరిగే అవకాశం పెరుగుతుంది. సెలికాక్సిబ్ అనే మరో నొప్పి మాత్ర కలిపితే కొంత మేలని చిన్న ట్రయల్స్ ఉన్నాయి. కానీ 2020లో పాకిస్థాన్‌లో బైపోలార్ డిప్రెషన్ ఉన్న 266 మంది మీద మినోసైక్లిన్ అనే యాంటీబయోటిక్, సెలికాక్సిబ్ రెండూ పరీక్షిస్తే ప్రయోజనం కనపడలేదు. 2022లో జర్మనీలో మందులకి లొంగని డిప్రెషన్ ఉన్న 173 మందికి ఆరు వారాలు మినోసైక్లిన్ ఇచ్చి చూస్తే ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా లేదు. ఇన్‌ఫ్లమేషన్‌ని అన్నిటికంటే బలంగా అణిచే స్టెరాయిడ్లు కొందరిలో డిప్రెషన్‌ని, కొందరిలో ఉన్మాదాన్ని తెస్తాయి.

మైక్రో ఆర్‌ఎన్‌ఏనే మందుగా ఇవ్వలేరా అని అడిగారు. మిర్-34ఏని అనుకరించే ఒక మందుని క్యాన్సర్ రోగులకి ఇచ్చిన ట్రయల్‌ని తీవ్రమైన రోగనిరోధక దుష్ప్రభావాల వల్ల 2016లో ఆపేశారు. ఒక్కోటి వందల చీటీల మీద పనిచేస్తుందని పైన రాశాను కదా, ఇబ్బంది అక్కడే. రక్తం నుంచి మెదడులోకి దాటించడం మరో గోడ. వెన్నులోకి ఇచ్చే ఆర్‌ఎన్‌ఏ తరహా మందు నుసినెర్సెన్, కండరాలు క్షీణించే జన్యు జబ్బు స్పైనల్ మస్క్యులర్ అట్రఫీ ఉన్న పిల్లలకి 2016 నుంచి ఉంది కాబట్టి దారి పూర్తిగా మూసుకుపోలేదు. డిప్రెషన్‌కి మాత్రం ఇవాళ చేతికి అందే స్థితిలో లేదు. మీ అమ్మగారు ఇస్తున్న పసుపు పాలు ఇవ్వనివ్వండి, అక్కకి ఇష్టమైతే. వంట పసుపులో కర్కుమిన్ కొన్ని శాతమే, అది ఒంటికి పట్టేదీ తక్కువే. దాన్ని మందుకి బదులు అనుకోకూడదు.

సీఆర్‌పీ 8ని ఏం చేయాలి? ముందు రిపోర్టులో యూనిట్ చూడండి. లీటరుకి మిల్లీగ్రాములా, డెసిలీటరుకా? రెండింటికీ పదిరెట్ల తేడా. లీటరుకి 8 అయితే, ఆ వారంలో జలుబు, జ్వరం, పంటి నొప్పి ఏమైనా ఉన్నాయేమో గుర్తు చేసుకోండి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు మూడు వారాల తర్వాత మళ్లీ చేయించండి. అప్పటికీ ఎక్కువగానే ఉంటే సెగ ఎక్కడుందో శరీరంలో వెతకాలి. చిగుళ్ల జబ్బు చాలామందికి ఉంటుంది, ఎవరూ చూడరు. నడుము చుట్టూ పేరుకున్న కొవ్వు స్వయంగా ఐఎల్-6ని వదులుతుంది. ఆమె గర్భనిరోధక మాత్రలు వేసుకుంటున్నారా అన్నది తప్పకుండా అడగండి, ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలతో సీఆర్‌పీ పెరుగుతుంది. వీటిలో దేనికైనా చికిత్స చేస్తే డిప్రెషన్‌కి సాయం అయినా కాకపోయినా, ఆమె ఒంటికి మేలే.

డాక్టర్‌ని అడగవలసినవి కొన్ని ఉన్నాయి. థైరాయిడ్ చూశారా? కాన్పు తర్వాత అది దెబ్బతినడం మామూలే. హిమోగ్లోబిన్, బీ12, షుగర్ చూశారా? ముందు వాడిన మందు సరైన మోతాదులో కనీసం ఆరు వారాలు వాడారా, లేక నెలకే మార్చేశారా? ఎప్పుడైనా నిద్ర తగ్గినా అలసట లేకుండా, మాట వేగం, ఖర్చు పెరిగిన రోజులు ఉన్నాయా? ఉంటే బైపోలార్ గురించి, అంటే దిగులు, అతి ఉత్సాహం మార్చి మార్చి వచ్చే జబ్బు గురించి ఆలోచించాలి, మందులే మారిపోతాయి. 2014లో వచ్చిన ఒక విశ్లేషణలో సీఆర్‌పీ 1 కంటే తక్కువ ఉన్నవాళ్లకి ఎస్కిటాలోప్రామ్, ఎక్కువ ఉన్నవాళ్లకి నార్ట్రిప్టిలిన్ అనే పాత తరం డిప్రెషన్ మందు మెరుగ్గా పనిచేసింది. ఇంకా ఎవరూ దీన్ని నియమంగా తీసుకోలేదు, నార్ట్రిప్టిలిన్ ఎక్కువ వేసుకుంటే ప్రాణాపాయం కూడా. కాబట్టి ఇది డాక్టర్‌తో చర్చకే. లిథియం జోడించడం, ఈసీటీ (మత్తు ఇచ్చి చేసే కరెంటు చికిత్స) లాంటి దారులు ఇంకా చాలా మిగిలే ఉన్నాయి. రెండు మందులు పనిచేయకపోతే అన్నీ అయిపోయినట్టు కాదు. ఈ సంగతి అక్కకి కూడా చెప్పండి, బహుశా ఆమె అన్నీ అయిపోయాయనే అనుకుంటోంది.

నిద్ర గురించి ఒక్కటి. చిన్నపిల్లాడు రాత్రి లేస్తున్నాడని రాశారు. వారంలో నాలుగు రాత్రులు వాడిని ఇంకెవరైనా పక్కలో పడుకోబెట్టుకుంటే, అక్క ఆరేడు గంటలు ఏకబిగిన నిద్రపోతుంది. నిద్ర తెగిన మర్నాడే ఇన్‌ఫ్లమేషన్ సంకేతాలు పెరగడం ఆరోగ్యవంతుల్లో కూడా చూశారు. ఏ ఖర్చూ లేని ఈ పని చాలా ఇళ్లల్లో చివరికి చేస్తారు. మీరు మొదట చేయండి. రోజూ అరగంట ఆమెతో కలిసి నడవండి, మాట్లాడకపోయినా ఫర్వాలేదు.

ప్రాజెక్టు విషయానికి వస్తే, "డిప్రెషన్‌లో మిర్-155" అని కొత్తగా మరో ముప్పై మంది రక్తం కొలవకండి. అలాంటివి ఇప్పటికే చాలా ఉన్నాయి. మైక్రోగ్లియా కణాల లైను మీ డిపార్ట్‌మెంట్‌లో దొరికితే, ఎల్‌పీఎస్ (బాక్టీరియా పైపొరలోని పదార్థం) ఇచ్చి ఇన్‌ఫ్లమేషన్ లేపి, మొదటి గంట నుంచి రెండు రోజుల దాకా మిర్-155, మిర్-146ఏ ఏది ఎప్పుడు పెరిగి ఎప్పుడు తగ్గుతుందో కొలవండి. తర్వాత ఎల్‌పీఎస్ కడిగేసి, చల్లారడానికి ఎంతసేపు పడుతుందో చూడండి. ఎక్కడం గురించి కొలిచినంతగా దిగడం గురించి కొలవలేదు. ఎప్పుడైనా ప్లాస్మాతో పనిచేయాల్సి వస్తే ప్రతి గొట్టాన్నీ 414 నానోమీటర్ల దగ్గర చదివి, ఎర్రకణాలు పగిలాయో లేదో రాసి పెట్టుకోండి.

అక్క రక్తం మాత్రం ప్రాజెక్టుకి తీసుకోవద్దు. మీ గైడ్ ఒప్పుకున్నా, ఎథిక్స్ కమిటీ ఒప్పుకున్నా వద్దు. ఈ వారం డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు పాత ప్రిస్క్రిప్షన్లన్నీ, ఏ మందు ఏ మోతాదులో ఎన్ని వారాలు వాడారో రాసిన ఒక కాగితం, సీఆర్‌పీ రిపోర్టు తీసుకెళ్లండి. ఆమె అన్న ఆ మాటని లోపలికి వెళ్లగానే మొదట చెప్పండి. తర్వాత ఏం జరిగిందో ఇక్కడే రాయండి, నేను చూస్తూ ఉంటాను.